తేలివచ్చిన పోగు

జీవరాజు కడుపు లోపలి పొర మైక్రోస్కోపు కింద అందంగా ఉంది. అరవై ఎనిమిదేళ్ల మనిషిదని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. ఫేబే కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని మళ్లీ వంగి చూసింది.

గాజుపలక మీద రెండు ముక్కలున్నాయి. మొదటిది అన్నవాహిక చివర నుంచి తీసినది. అక్కడ చదునైన కణాలు పలకల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండాలి. కొంత మేర ఉన్నాయి, తర్వాత లేవు. వాటి చోట నిలువుపాటి కణాలు వరసగా నిలబడి ఉన్నాయి. మధ్య మధ్య జిగురు నింపుకున్న గిన్నెల్లాంటివి నీలంగా కనిపిస్తున్నాయి. అవి పేగులో ఉండవలసినవి, గొంతు దిగువన వాటికి పని లేదు. కడుపులోని పులుపు ఏళ్ల తరబడి పైకి తన్ని కాలుస్తూ ఉంటే అక్కడి పొర ఒక దశలో కాలడం మానేస్తుంది. కాలని రకంగా మారిపోతుంది. తాను కానిది అయి బతుకుతుంది. ఫేబే వారానికి ఒకటి రెండైనా ఇలాంటివి చూస్తుంది. రిపోర్టులో ఒక వాక్యం చాలు.

రెండో ముక్క కడుపుది, పుండు అంచున గిల్లి తీసినది. పైన నోళ్లు తెరుచుకున్న సన్నని గుంటలు, వాటి అడుగున గొట్టాల్లా దిగిన గ్రంథులు, గ్రంథుల్లో బొద్దుగా గులాబీ రంగులో నడుమ చుక్క పెట్టినట్టున్న కణాలు. పులుపును తయారు చేసేవి ఇవే. మాంసాన్నైనా కరిగించే పులుపు మధ్య కూర్చుని తమను తాము కరిగించుకోకుండా ఉండటం వాటికి తెలుసు. పుండు పడ్డ చోట ఆ తెలివి తప్పింది, అంతే. కాన్సర్ లేదు. మోకాళ్ల నొప్పికి ఖాళీ కడుపున మింగిన బిళ్లలు చేసిన పని.

పుండు మీద పేరుకున్న చీము పైన ఒక పోగు కనిపించింది. పొడుగ్గా, గులాబీ రంగులో, అడ్డంగా సన్నని చారలతో ఉంది. చారల కండ. చెయ్యి ఎత్తేటప్పుడు, కాలు చాపేటప్పుడు పనిచేసే రకం. కడుపు గోడలో అలాంటి కండ ఉండదు. కడుపులో కనిపించిందంటే నోట్లోంచి లోపలికి పోయినదే అయివుండాలి. తిన్న మాంసం.

పోగును సరిగ్గా చూడాలంటే ఫేబే మైక్రోస్కోపులో చూపును తేటపరిచే చిన్నమరను కాస్త తిప్పవలసి వచ్చింది. పోగు తేటపడితే కింద పుండు మసకబారింది, పుండు తేటపడితే పోగు మసకబారింది. రెండూ ఒకే మట్టాన లేవు. ఆ సంగతి ఆమె వేళ్లకు తెలిసింది. వేళ్లకు తెలిసినదాన్ని పైకి రానివ్వకూడదని ఆమె లోపల ఎవరో అప్పటికే నిర్ణయించి ఉన్నారు. అలవాటు కొద్దీ ఆ మైనం దిమ్మనే ఇంకాస్త లోతుగా కోసి మరో స్లైడు చేయమని టెక్నీషియన్ బేబీరాణికి చెప్పి, చెయ్యి కడుక్కుంది.

అది శ్రమకాలం, ఈస్టరుకు ముందు నలభై రోజులు.

గోల్ ఘర్‌లో ఆ ప్రైవేటు ల్యాబు ఉన్న వీధికి రెండు మలుపుల అవతల తెలుగు సంఘం గుడి ఉంది. ఎప్పుడో ఓడల్లో ఈ దీవికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవి. ఆ సంఘంలో ఒక ఆచారం ఉంది. శ్రమకాలం మొదలయ్యే రోజున ఒక్కొక్కరు లేచి తమ ఒడంబడిక చెప్పాలి. ఒకరు టీ మానేస్తారు, ఒకరు టీవీ మానేస్తారు. తర్వాత ప్రతి ఆదివారం సంఘపెద్ద వరసలో నడుస్తూ ఒక్కొక్కరి ముందు ఆగి, నిలబెట్టుకున్నావా అని అడుగుతాడు. తప్పినవాళ్లు అక్కడే ఒప్పుకోవాలి. గుడ్ ఫ్రైడే ముందు రోజు సాయంత్రం రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే బల్లకు వాళ్లు దూరం. చివరి బెంచీలో కూర్చుంటారు.

ఇరవై ఏడేళ్లుగా ఆ ప్రశ్న అడుగుతున్న సంఘపెద్ద జీవరాజు. ఆయన ఒడంబడిక ఎప్పుడూ ఒకటే. నలభై రోజులూ మాంసం, చేప ముట్టడు. పొద్దుగూకాక ఒక గ్లాసుడు గంజి తాగుతాడు. చుట్టూ సముద్రం ఉన్న ఊళ్లో, ప్రతి ఇంటి వెనకా చేపలు వేగుతుండగా, ఆయన ఆ వాసనలోంచి తెల్లచొక్కాతో నడిచిపోవడం చూసి పిల్లలు దారి ఇచ్చేవారు.

ఫేబేకు ఆయన పెదనాన్న. ఆమె తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి మేరి విధవరాలై మూడేళ్లు తిరక్కముందే, హాడో జెట్టీలో ఓడ మెట్ల మీద ఒక వంటవాడితో నవ్వుతూ నిలబడి ఉండగా జీవరాజు చూశాడు. సంఘం ముందు లేచి, నేను చూసింది చూశాను, అన్నాడు. అంతకుమించి ఒక్క మాట కలపలేదు. కలపకపోవడం వల్ల మిగిలింది విన్నవాళ్లే కలుపుకున్నారు. ఒప్పుకుంటే బల్ల ఇస్తామన్నారు. మేరి ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. చనిపోయేదాకా చివరి బెంచీలో, రొట్టె పళ్లెం తనను దాటిపోయేటప్పుడు రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది. ఇంటికొచ్చి గుండెల్లో మంట అని సోడా తాగేది. ఆవిడ గొంతులో ఏం మారిందో ఎవరూ తీసి చూడలేదు.

అసలు ఏం జరిగిందో ఫేబేకు ఈనాటికీ తెలియదు. తల్లిని అడగలేదు. అడగకుండా ఉండటం ప్రేమ అనుకుంది అప్పట్లో. తను కూడా ఆ విన్నవాళ్లలో ఒకతెనని, జవాబుకు భయపడే అడగలేదని విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో అర్థమైంది. తిరిగి వచ్చాక, ఎవరూ నిషేధించకపోయినా, గుడిలో తల్లి కూర్చున్న బెంచీలోనే, ఆవిడ చోటు పక్కన కూర్చుంటూ వచ్చింది.

జీవరాజు ఇల్లు షాదీపూర్‌లో. ఫేబే ఆ సాయంత్రమే వెళ్లింది. రిపోర్టు తీసుకుని పెథాలజిస్టే రోగి ఇంటికి వెళ్లడం ఎక్కడా లేదు.

తలుపు తీసింది ఆయన కూతురు అబిగేలు. బడిలో టీచరు, పెళ్లి చేసుకోలేదు, తండ్రికి గంజి కాచేది ఆమే.

"ఏంటి దీదీ, రాస్తా తప్పిపోయావా?" అంది. "నువ్వు మా గడప తొక్కాలంటే మా నాన్న రక్తం కక్కాలన్నమాట."

లోపల జీవరాజు దిండుకు ఆనుకుని ఉన్నాడు. పది రోజుల క్రితం బల్ల మీద పరిచే తెల్లగుడ్డ కొనడానికి అబర్డీన్ బజారుకు వెళ్లి, కన్నారావు గుడ్డల కొట్టు ముందు రక్తం కక్కి పడిపోయాడు. ఆసుపత్రిలో ఆ మధ్యాహ్నమే గొట్టం వేసి చూసి ముక్కలు తీశారు. ఆయనకు ఆ పొద్దున బస్సు దిగడం గుర్తుంది. తర్వాత గుర్తున్నది ఆసుపత్రి పైకప్పు.

కాన్సరా అని అడిగాడు. కాదంది. ఆయన కళ్లు మూసుకుని పెదాలు కదిపాడు. అబిగేలు వంటింట్లోకి వెళ్లి ఏడ్చిన చప్పుడు, తర్వాత కుళాయి తిప్పిన చప్పుడు వినిపించాయి. ఫేబే ఆ కుళాయి ఆగేలోపే అడిగింది.

"పెదనాన్నా, ఆ పొద్దున ఏం తిన్నారు?"

"నీళ్లు తాగానమ్మా."

"స్లైడులో మాంసం పోగు కనిపించింది. పుండు మీద."

ఆయన నవ్వాడు. పెట్టుడుపళ్లు పెట్టుకోలేదు కాబట్టి నవ్వు లోపలికి పోయింది. "ఎవరిదో చూసి నాదనుకున్నావు."

"పేరు చూశాను. మీదే."

ఆయన దిండు సరిచేసుకున్నాడు. తర్వాత ఎవరికైనా చెప్పావా అని అడిగాడు. లేదంది, రిపోర్టులో కూడా రాయలేదంది. రోగానికి సంబంధం లేనిది రాయనక్కరలేదు.

"మరి నాకెందుకు చెప్పినట్టు?"

"మీరైతే తెలుసుకోవాలనుకుంటారని."

జీవరాజు తన చేతుల వైపు చూసుకున్నాడు, అవి వేరేచోట ఏదో చేసి వచ్చినట్టు. నేను తినలేదు అన్నాడు. ఫేబే తల ఊపింది. బస్సు దిగాక ఏ వైపు నడిచారని, మామూలుగా అడిగినట్టే అడిగింది. ఆయన నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోట్లోకి చూస్తూ ఆమె ఒక క్షణం, గొంతు పరీక్షించే డాక్టరులా, నిజంగానే ఆసక్తిగా కూర్చుంది.

మర్నాడు బేబీరాణి లోతుగా కోసిన స్లైడు తెచ్చింది. అదే పుండు, అదే చీము, అవే గుంటలు. పోగు లేదు. మూడు కోతల్లో ఎక్కడా లేదు.

బేబీరాణి బల్ల పక్కనే నిలబడి ఉంది. వేళ్లు మెలిపెట్టుకుంటోంది.

"దీదీ, మాఫ్ చెయ్యండి. ఆ రోజు వాటర్ బాత్ మీద కాగితం లాగలేదు నేను. కరెంటు పోయి వచ్చింది, తొందర్లో ఉన్నాను."

అడగనక్కరలేదు, ఫేబేకు పని తెలుసు. మైనంలో బిగించిన ముక్కను మర మీద ఉల్లిపొర కన్నా పలచగా కోస్తారు. ఆ పొర ముడతలు విప్పుకోవడానికి గోరువెచ్చని నీటి తొట్టి మీద తేలనిచ్చి, కింద నుంచి గాజుపలకతో ఎత్తుకుంటారు. ఒకరిది అయ్యాక మరొకరిది వేసే ముందు నీటి మీద కాగితం లాగి తుడవాలి. తుడవకపోతే ముందువాడి తునక ఏదో నీటి మీద మిగిలి, తర్వాతి మనిషి ముక్క మీద వాలుతుంది. కిందిదానికి అంటుకోకుండా పైన కూర్చుంటుంది. అందుకే రెండూ ఒకే మట్టాన ఉండవు.

"దానికి ముందు కోసింది ఏమిటి?"

"నాలిక. ఆ లోడింగ్ భయ్యాది."

ఫేబే ఆ స్లైడు తీయించి చూసింది. జెట్టీలో బస్తాలు మోసే మనిషి, ఏళ్ల తరబడి ఖైనీ దవడన పెట్టుకున్నవాడు. అతని నాలుక అంచున పుట్టకురుపు, కాన్సర్ గడ్డ. కురుపు కింద చారల కండ అన్ని దిక్కులా పెనవేసుకుని ఉంది, నాలుకలో తప్ప ఒంట్లో మరెక్కడా అలా ఉండదు. ప్రతి పోగు అంచునా కణాల నీలం చుక్కలు నిండుగా ఉన్నాయి. వండిన మాంసంలో ఆ చుక్కలు వెలిసిపోతాయి. జీవరాజు పుండు మీది పోగుకు చుక్కలు వెలిసిపోలేదు. నిన్న కూడా వెలిసిపోలేదు. నిన్న ఆమె చూసింది.

ఆయన తిన్నది ఏమీ లేదు. ఆయన కడుపు మీద వాలింది ఇంకొకడి నాలుక.

ఈ రోజు నుంచి తుడవమని బేబీరాణికి చెప్పి పంపింది. ఫోను తీసింది. నంబరు కూడా వెతికింది. చెప్పడానికి పది మాటలు పట్టవు. కానీ ఆ వేలు నంబరు మీద ఆగి ఉన్నప్పుడు ఆమెకు ఒంట్లో ఎక్కడో వింతైన నెమ్మది తెలిసింది. ఎన్నో ఏళ్లుగా గుండెల మీద ఉన్న మంట ఆ పూట లేదు. దాన్ని ఆమె గమనించింది. ఎవరి కణాలనో చూసినంత చల్లగా గమనించింది.

ఫోను తనే మోగింది. జీవరాజు.

"అమ్మా, మళ్లీ చూశావా?"

"చూశాను."

"ఉందా?"

"నేను చూసింది చూశాను పెదనాన్నా."

అవతల ఊపిరి ఆగి, మళ్లీ మొదలైంది. ఆ మాట ఎవరిదో ఆయనకు గుర్తొచ్చిందో లేదో ఆమెకు తెలియలేదు. అందులో అబద్ధం మాత్రం లేదు. ఆయన చెప్పినప్పుడూ లేకపోయి ఉండవచ్చు.

తర్వాత ఆమె తరచూ షాదీపూర్ వెళ్లింది. పుండు మానుతోందా, బిళ్లలు వేసుకుంటున్నారా అని మొదలయ్యేది. అబిగేలుకు అనుమానం లేదు. పైగా, అవసరానికి ఇంటి మనిషే ఆదుకుంటుంది అని పక్కింటివాళ్లతో కూడా అంది. డాక్టరు తినమన్నా ఆయన గంజి తప్ప ముట్టలేదు.

ఫేబే ఒక్కసారి కూడా, మీరు తిన్నారు, అనలేదు. తిన్నారా అని కూడా అడగలేదు. చిన్నమరను తిప్పినట్టు ఒక్కొక్క ప్రశ్న కొద్దికొద్దిగా తిప్పింది. క్లాక్ టవర్ వెనక సందులో బిర్యానీ కొట్టు ఉంది కదా, ఆ పొద్దున తెరిచే ఉందా? పొగ ఏ వైపు వస్తోంది? అక్కడ కూర్చోవడానికి బెంచీలా, కుర్చీలా? జ్ఞాపకం లేని చోటును మనసు ఖాళీగా ఉంచుకోలేదని ఆమె చదువుకుంది. అది పుండులాంటిది, ఏదో ఒకటి దాని మీద పేరుకోవలసిందే. అపరాధం కోసం ఒక జీవితమంతా ఇతరుల్లో వెతికిన మనిషిలో అయితే ఇంకా తొందరగా పేరుకుంటుంది. ఆయనకు అపరాధం ఎలా ఉంటుందో బాగా తెలుసు. దాని ముఖం, నడక, అది తడబడే తీరు, అన్నీ తెలుసు. అది తనదాకా రావడమే ఇన్నాళ్లూ జరగలేదు.

మొదట వాసన గుర్తొచ్చింది. లవంగం వాసన అన్నాడు. తర్వాతి వారం బెంచీ వచ్చింది, దాని కాలు ఒకటి పొట్టిదై ఊగుతోందట. ఆ తర్వాత స్టీలు పళ్లెం.

మధ్యలో ఒకరోజు కన్నారావు చూడటానికి వచ్చాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ గుడ్డల వ్యాపారంలో నిలదొక్కుకున్నవాడు. అరటిపళ్లు పట్టుకొచ్చి గోడవారగా కుర్చీలో కూర్చున్నాడు. జీవరాజు అతన్నే చూస్తూ, నేను నీ కొట్టుకు రాకముందు ఎక్కడున్నాను అని అడిగాడు.

"ఎక్కడుంటారు బాబూ. బస్సు దిగి సక్కా వచ్చినారు. నానే నీల్లిచ్చినాను. గుటకేసి అలా ఒరిగిపోనారు. నా పంచె అంతా రగతం, నీల్లు, అంతే. ఇంకేటీ నేదు."

"మెతుకు ఏమైనా పడిందా?"

"మెతుకేటి బాబూ. మీరు తిండి తినే మనిసేనా ఈ రోజుల్లో?" అని కన్నారావు నవ్వాడు.

అతను చెప్పినదే చాలు. తిన్నవాడు కక్కితే తిన్నది బయటపడుతుంది, రక్తం ఒక్కటే పడదు. ఫేబే జీవరాజు ముఖం చూస్తూ కూర్చుంది. ఆ మాట ఆయన్ను పట్టుకుంటుందేమోనని ఒక భయం, భయం అని తెలియనంత సన్నగా, ఆమె మెడ వెనక పాకింది.

కన్నారావు వెళ్లాక జీవరాజు అరటిపళ్ల వైపు తల తిప్పాడు.

"మంచివాడు," అన్నాడు. "నా పరువు కాస్తున్నాడు. వాడి కళ్లల్లో కనిపించింది."

ఫేబే కాదనలేదు. పళ్లెంలో ఏం ఉందో గుర్తొచ్చిందా అని అడిగింది.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. కిటికీ అవతల కొత్తగా కడుతున్న ఇంటి మీద రేకులు బిగిస్తున్నారు. ఆ చప్పుడు ఆగినప్పుడు, మేక, అన్నాడు. ఎముక ఉంది, నేను ఎముక పీల్చాను. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ముడి పైకి లేచి దిగింది, నిజంగానే మింగినట్టు.

అప్పుడు ఆమె చెప్పేసేదే. ఆయన ఇంకా కిటికీ వైపే వంగి ఉన్నాడు. వెన్నెముక పైనుంచి కిందికి చొక్కాలోంచి కనిపిస్తోంది. ఆమె నోరు తెరిచింది. ముందు ఆయన మాట్లాడాడు.

"గురువారం బల్ల ముందు నిలబడి చెప్పేస్తానమ్మా. మీ అమ్మ ఒప్పుకోలేదు. సచ్చేదాకా నోరు విప్పలేదు. నేను ఒప్పుకుంటాను. ఆవిడకూ నాకూ అదే తేడా."

ఆ గొంతులో వణుకు లేదు. ప్రతి ఆదివారం వరసల మధ్య వినిపించే గొంతే అది. ఫేబే నోరు మూసుకుంది. మూసుకున్న నోట్లో పుల్లగా ఏదో ఊరింది, మింగేసింది. సరే పెదనాన్నా అంది.

గురువారం సాయంత్రం గుడి నిండిపోయింది. ఏదో ఉందని అందరికీ తెలుసు. ఏమిటో ఎవరికీ తెలియదు. జీవరాజు జబ్బు నుంచి లేచి వచ్చాడని ముందు వరసలో చోటు ఉంచారు. ఆయన అక్కడికి వెళ్లకుండా బల్ల ముందుకు వెళ్లి, అందరి వైపూ తిరిగి నిలబడ్డాడు. బల్ల మీద కొత్త తెల్లగుడ్డ ఉంది, కన్నారావు పంపినది.

ఒడంబడిక తప్పానని చెప్పాడు. ఎక్కడ తిన్నాడో, ఎప్పుడు తిన్నాడో చెప్పాడు. ఒకామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆయన తర్వాత పెద్ద కాబోయేవాడు సురేష్ బాబు, కాంట్రాక్టు పనులు చేయిస్తాడు, కిందటేడు శ్రమకాలంలో పెళ్లి విందులో చేప ముక్క తిన్నందుకు ఇదే గుడిలో నిలబడి జీవరాజు ప్రశ్నలకు చెమటలు పట్టినవాడు. అతను మెల్లగా లేచాడు.

"అయ్యగారూ, మీరు మాకు నేర్పినట్టే అడుగుతున్నాను, బురా మత్ మానియే, తప్పుగా అనుకోకండి," అన్నాడు. "ఒక ముక్కా, కడుపు నిండానా?"

"కడుపు నిండా."

"ఇష్టంగానేనా?"

జీవరాజు కళ్లు మూసుకున్నాడు. ఇష్టంగానే అన్నాడు. తర్వాత అడక్కుండానే చెప్పసాగాడు. లవంగం వాసన, ఊగే బెంచీ, పళ్లెం అంచున పచ్చిమిరపకాయ, ఎముకలోంచి పీల్చిన మూలుగ, వేళ్లు నాకడం. చెబుతున్నకొద్దీ మాటలు నునుపెక్కాయి. ఆ సంఘంలో ఎవరూ అంతవరకు అంత బాగా ఒప్పుకోలేదు. జనం అసహ్యంతో విన్నారు, ఆకలితోనూ విన్నారు. నలభై రోజులుగా ఏదో ఒకటి మానుకున్న నోళ్లు అవి. వెనక వరసలో ఎవరో గుటక వేసిన చప్పుడు ఫేబేకు స్పష్టంగా వినిపించింది. అబిగేలు మధ్యలోనే లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వెళ్లిపోయింది. నలభై రోజులు తాను కాచిన గంజి మీద ఆయన ఉమ్మేసినట్టు ఆమె ముఖం ఉంది.

చివరి బెంచీలో ఆ రోజు ఫేబే ఒక్కతే ఉంది. జీవరాజు గోడ పట్టుకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. మేరి కూర్చున్న చోటు ఇద్దరి మధ్యా ఖాళీగా మిగిలింది. ఆయనకు అది ఎవరి చోటో గుర్తున్నట్టు లేదు. రొట్టె విరవడం మొదలైంది. పాట ఎత్తుకున్నారు.

ఆయన ముఖం ఆమె ఊహించినట్టు లేదు. నుదురు సడలి ఉంది. పెదాల చివర్లు దిగి, చంటిపిల్లవాడు పాలు తాగాక ఉన్నట్టుంది.

"తేలిగ్గా ఉందమ్మా," అన్నాడు పాట చాటున. "ఇంత తేలిక ఉంటుందని తెలీదు."

ఫేబేకు అప్పుడు కోపం వచ్చింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి అది కోపంగానే వచ్చింది, మరే రూపం వేసుకోకుండా. ఆయనకు ఈ తేలిక ఎవరిచ్చారు? తల్లికి చచ్చేదాకా దొరకనిది ఈయనకు అబద్ధంతో దొరికింది. తానే దొరికించింది. ఆమె ఆయన చెవి దగ్గరికి వంగింది. ఇప్పుడు నిజం చెప్పడం కన్నా ఆయనకు చేయగల కీడు మరొకటి లేదు. బల్ల ముందు, రొట్టె ముందు, చేయని పనిని చేశానని చెప్పిన మనిషి ఆయన. ఆ సంగతి ఆయనకు తెలిసి తీరాలి.

"పెదనాన్నా, మీరేమీ తినలేదు. ఆ పోగు మీది కాదు. నీళ్లలో తేలి వచ్చి మీ స్లైడు మీద పడింది. ఇంకొకడి నాలుక ముక్క అది. నాకు మర్నాడే తెలుసు."

ప్రతి మాటా విడివిడిగా, స్లైడు మీద పేరు రాసినంత శ్రద్ధగా చెప్పింది. చెప్పి ఆయన ముఖం చూసింది.

ఆయన తల తిప్పి ఆమెను చూశాడు. ఆ చూపులో దెబ్బ లేదు. జాలి ఉంది. కన్నారావు వెళ్లాక అరటిపళ్ల వైపు చూసిన చూపే.

"నన్ను కాయాలని చూడకు తల్లీ," అన్నాడు. "నేను తిన్నాను. రుచి ఇంకా ఇక్కడుంది." చూపుడువేలు కింది పెదవి మీద పెట్టుకున్నాడు.

ఆమె మళ్లీ చెప్పింది. నీటి తొట్టి సంగతి, కాగితం సంగతి, బేబీరాణి సంగతి. కన్నారావు అబద్ధమాడలేదని చెప్పింది. గొంతు పెరిగింది. ముందు వరసల్లో ఒకరిద్దరు వెనక్కి తిరిగారు. ఆయన ఆమె మోచేతి మీద తడుతూ, ఊరుకో, ఊరుకో అన్నాడు. ఆమె మాటలు ఆయన్ను చేరుతూనే ఉన్నాయి. చేరి, అంటుకోకుండా పైనే ఉండిపోతున్నాయి. అక్కడ ఉండవలసిన పొర ఇప్పుడు అక్కడ లేదు. ఫేబేకు అది తెలుసు. ఒకసారి మారాక అది మామూలుగా వెనక్కి రాదని ఎన్ని రిపోర్టుల్లోనో రాసింది.

నూకరత్నం పళ్లెం పట్టుకుని చివరి బెంచీ దాకా వచ్చింది. సంఘంలో వయసుమళ్లిన ఆడమనిషి, చిన్న గాజు గిన్నెల్లో ద్రాక్షరసం పంచేది ఆమే. జీవరాజు ముందు ఆగి, ఆయన ఎవరో తెలియనట్టు చూపు పక్కకు తిప్పుకుంది. అలా తిప్పుకోవడం ఆయనే నేర్పినది. ఆయన రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే పెట్టుకున్నాడు.

పళ్లెం ఆయన ఒడి మీదుగా ఫేబే ముందుకు వచ్చింది. ఆమె చెయ్యి లేవలేదు.

"తీసుకో అమ్మా," అన్నాడు జీవరాజు, తన పాత గొంతుతో, దయగా. "నువ్వు తీసుకోవచ్చు. నువ్వేం తప్పు చేశావని?"

నూకరత్నం చెయ్యి నొప్పెట్టి పళ్లెం కాస్త వంగింది. గిన్నెలు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి. ఫేబే ఒకటి తీసుకుని నోట్లో పోసుకుంది. తియ్యగా ఉంది. నాలుక దాటింది, గొంతు దాటింది. ఎక్కడిదాకా దిగిందో, ఏ పొర మీదుగా దిగిందో, దిగినంత మేరా మండుతూ ఆమెకు తెలుస్తూనే ఉంది.